ఎద్దుబండ్ల గడి

రవాణా ఇంజనీరు అంటే బస్సు నడిపేవాడు కాదని చెప్పడానికే మధుకర్ సారుకు అరగంట పట్టింది. ఖాజాగూడ సర్కారు బడి తొమ్మిదో తరగతి అంత తేలికగా ఒప్పుకునే రకం కాదు.

"మరి రోడ్డు మీరే ఏస్తరా సార్?" స్వామి అడిగాడు.

"వేసేవాళ్లు వేరే. ఎట్లా వేయాలో మేం చెబుతాం."

"అంటే గీ రోడ్డు గిట్ల ఏయమన్నది మీరేనన్నట్టు."

సారు మంచినీళ్లు తాగాడు.

మర్నాడు పొద్దున పిల్లలకు టోపీలు, కాగితాలు ఇచ్చి బడి ముందు రోడ్డు పక్కన కూర్చోబెట్టాడు. గంటసేపు లెక్కపెట్టాలి. ఏ బండి పోతే ఆ గడిలో ఒక గీత. "రోడ్డు మార్చాలంటే ముందు ఈ లెక్క కావాలి. లెక్కలో లేనిది రోడ్డు మీద లేనట్టే" అని చెప్పి ఆఫీసుకు పోయాడు.

ఆ మాట ప్రవళికకు పట్టుకుంది. ఆమె తల్లి బాలమ్మ అవతలి అద్దాల బిల్డింగులో హౌస్‌కీపింగ్ చేస్తుంది. రోజూ ఈ రోడ్డు దాటాల్సిందే. పోయిన నెల ఒక కారు ఆమె టిఫిన్ డబ్బాను చపాతీలా చేసి పోయింది. డబ్బా బదులు కాలయితే? అప్పటి నుంచి ప్రవళికకు పాఠం బుర్రకెక్కడం లేదు.

కాగితంలో కారుకు గడి ఉంది. బైకుకు, ఆటోకు, బస్సుకు ఉంది. ఏ కాలంలో అచ్చు వేశారో, ఎద్దుబండికి కూడా ఉంది. నడిచే మనిషికి మాత్రం లేదు.

ఎద్దుబండ్ల గడి ఖాళీగా పడి ఉంది కదా, ప్రవళిక తల్లి దాటగానే అందులో గీత పెట్టింది. వెనకే సెక్యూరిటీ వాళ్లు, మేస్త్రీలు, వంటవాళ్లు. గంటలో నాలుగు వందల పన్నెండు.

మూడో రోజు పొద్దున్నే సారు ఆ కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వాళ్ల ఆఫీసు లెక్కలో ఒక ఎద్దుబండి ఎనిమిది కార్ల చోటు తింటుంది. కంప్యూటర్ బెదిరిపోయి, రోడ్డును వెంటనే రెండింతలు చేయమంది. పై ఆఫీసరు ఎద్దుల ఫొటోలు అడుగుతున్నాడు.

"ఇన్ని ఎద్దుబండ్లు ఎక్కడమ్మా?"

"గవే సార్." దాటడానికి నిలబడ్డ గుంపును చూపించింది ప్రవళిక.

"వాళ్లు మనుషులు కదా?"

"మనుషులకు గడి లేదు గద సార్. లెక్కల లేకుంటే లేనట్టే అని మీరే అంటిరి."

సారు కాగితం ఆమె చేతిలో పెట్టి, తానే దాటి చూస్తానన్నాడు. మూడుసార్లు రోడ్డు మీదికి దిగాడు, మూడుసార్లు వెనక్కి గట్టెక్కాడు. గుంపులోని బాలమ్మ చూడలేక ఆయన మణికట్టు పట్టుకుంది.

"కారోని మొకం చూడకు సారు, చూస్తే ఆగడు. చెయ్యి జర లేపి నడువు."

డివైడర్ దాకా తెచ్చింది. సారు బూటు ఒకటి ఊడిపోయి ఇంకా రోడ్డు మీదే ఉంది.

"రోజూ ఇట్లాగేనా అమ్మా?"

"పొద్దుగాల ఇంత నయమే. మాపటికి చూడాలె." ఆమె చెయ్యి వదిలేసింది. "నాకు డ్యూటీ టైమైంది. మిగిలిన సగం నువ్వే నేర్చుకో."

పావుగంటయినా సారు అక్కడే ఉన్నాడు. చివరికి ఫోను తీశాడు. హారన్ల మీదుగా ఆయన అరుపు బడి దాకా వినిపించింది.

"ఎద్దులు లేవు సార్, మనుషులే. ఇక్కడ సిగ్నల్ కావాలి. ఎప్పటికా? నేను డివైడర్ మీద ఉన్నా సార్. ఇప్పుడే కావాలి."

ప్రవళిక ఎద్దుబండ్ల గడిలో సగం గీత గీసి, మిగతా సగానికి పెన్ను పట్టుకుని కూర్చుంది.