పసరు రంగు నీళ్ళు

నేను ఒక గాజు తొట్టిని. రాజమండ్రిలో ఏదో దుకాణానికి అద్దాలు బిగించగా మిగిలిన ముక్కల్ని కోసి, అంచులకు జిగురు పట్టించి, నన్ను తయారుచేశారు. పుట్టిన రోజునే నా నిండా నీళ్ళు పోసి, ఎక్కడైనా కారుతున్నానేమోనని పగలంతా కనిపెట్టుకుని ఉన్నారు. కారిపోతానేమోనన్న ఆ భయం నన్ను ఇంకా వదల్లేదు. నాలుగు వైపులా ఒత్తిడిని ఓర్చుకుంటూ నిలబడ్డ దేనికైనా ఆ భయం ఉంటుందనుకుంటాను. మనుషులకు ఉంటుందో లేదో అప్పటికి నాకు తెలియదు.

మొదట ఒక పళ్ళ డాక్టరుగారి ముందుగదిలో ఉన్నాను. బుగ్గ పట్టుకుని కూర్చున్నవాళ్ళంతా నాలోని చేపల వైపే చూసేవారు, చెవులు మాత్రం లోపలి గదిలోని మిషను చప్పుడు మీద ఉండేవి. కళ్ళు ఒకచోట, ప్రాణం మరొకచోట పెట్టుకుని కూర్చోవడం మనుషులకు మాత్రమే చేతనైన విద్య. డాక్టరుగారు కొత్త భవనంలోకి మారినప్పుడు, అక్కడ వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే నళిని ఆయన్ని అడిగి నన్ను తన ఇంటికి తెచ్చుకుంది.

నళిని భర్త శేషగిరికి వాస్తు పట్టింపు. నీళ్ళు ఈశాన్యంలో ఉండాలన్నాడు. ఆ ఫ్లాటులో ఈశాన్యమంటే తూర్పు కిటికీ పక్కన. పొద్దున్నే ఎండ నేరుగా నా మీద పడేది. నాలో ఒకే ఒక్క ఫైటరు చేపను వదిలారు. అది మరో చేపను ఓర్వదు. గాజులో తన నీడ కనిపించినా రెక్కలు విప్పి యుద్ధానికి దిగుతుంది. శేషగిరి తల్లి మాణిక్యాంబ దానికి జమీందారు అని పేరు పెట్టింది.

మాణిక్యాంబకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. కాఫీ తాగి నా ఎదుట కుర్చీ వేసుకునేది. ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి, జమీందారు తోక ఎంతవరకు కనిపిస్తోందో చూసుకునేది. కంటి డాక్టరు గోడకు తగిలించిన అక్షరాలకన్నా ఆవిడకు ఆ తోక మీదే నమ్మకం. కుడికంటికి ఆపరేషను ఒప్పుకుంది కాని ఒక షరతు పెట్టింది: "ఈ కన్ను కుదిరితేనే ఆ కన్ను." ఎడమకన్ను ముదిరిపోతోందనీ, ఆలస్యం చేస్తే కష్టమనీ డాక్టరు ముందే చెప్పాడు.

ఆపరేషనుకు కాకినాడలో కూతురింటికి వెళ్ళి, చుక్కలమందు పూర్తయ్యేదాకా అక్కడే ఉండిపోయింది. ఆవిడ లేని రోజుల్లో శేషగిరి మేత వేయలేదేమోనని నళిని వేసేది, నళిని మరిచిపోయిందేమోనని శేషగిరి వేసేవాడు. తినగా మిగిలింది నా అడుగున కుళ్ళింది. పైనుంచి ఎండ. నీళ్ళు ముందు లేతగా రంగు తిరిగాయి, తర్వాత చిక్కబడ్డాయి. నా లోపల ఏదో పుడుతోందని నాకు తెలుస్తూనే ఉంది, చెప్పే నోరు లేదు.

"అత్తయ్య వచ్చేసరికి ఇదేంటండీ ఇలా అయింది!" అని నళిని బెంబేలెత్తింది. మొత్తం నీళ్ళు పారబోసి కొత్తవి పోసింది. అవీ పచ్చబడ్డాయి. శేషగిరి గోదావరి వరదనీళ్ళు తాగి పెరిగినవాడు. పటికముక్క తెచ్చి, చిన్నప్పుడు బిందెలో తిప్పినట్టు నాలో గిరగిరా తిప్పాడు. మట్టి అయితే అలసి అడుక్కి చేరేది. ఇది ప్రాణమున్న పచ్చదనం, అలవలేదు. పటిక సరిపడక జమీందారు మాత్రం అడుక్కి చేరి, మేత ముట్టకుండా పక్కకు ఒరిగిపోయాడు. నళిని ఏడుస్తూ సగం నీళ్ళు తోడి మార్చింది. చేప తేరుకుంది. పచ్చదనం పోలేదు.

ఆటో కింద ఆగిన చప్పుడు వినగానే శేషగిరి భార్యతో గబగబా అన్నాడు: "చేపకేదో అయిందని అమ్మ ఏడుస్తుంది. ఏడిస్తే కంటికి మంచిది కాదు. నీళ్ళు బాగానే ఉన్నాయని చెప్పు."

మాణిక్యాంబ వచ్చీరాగానే నా ఎదుట కూర్చుని నల్లకళ్ళద్దాలు తీసింది. కొత్తకంటితో నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"నీళ్ళు మార్చారటే, అమ్మాయ్?"

"నిన్ననే మార్చాం అత్తయ్యా. తేటగా ఉన్నాయి."

ఆ మాట నా గాజుకు తగిలి నాలోనే ఉండిపోయినట్టనిపించింది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుంది. తర్వాత ప్రతి పొద్దునా వచ్చేది. కన్ను నులుముకోబోయి ఆగేది. నా గాజును పైటకొంగుతో తుడిచి మళ్ళీ చూసేది. తుడవవలసింది నన్ను కాదనీ, తన కన్నునూ కాదనీ ఆవిడకు ఎవరు చెబుతారు? దాచిపెట్టినవాళ్ళు ప్రేమకొద్దీ దాచారు. నమ్మిన మనిషి ప్రేమకొద్దీ నమ్మింది. ఈ రెండు ప్రేమల మధ్య ఒక కన్ను నలిగిపోతోంది.

రెండో ఆపరేషనుకు రమ్మని ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది.

"వద్దురా శేషూ. ఉన్నదాంతో సర్దుకుంటాను."

"అదేంటమ్మా! ఎదురు మేడ మీద బట్టలు లెక్కపెట్టి చెప్పావు కదే నిన్న!"

"దూరానివి కనిపిస్తాయిరా. దగ్గరికొస్తే మసక. జమీందారు పచ్చటి మబ్బులో ఉన్నాడు." గొంతు తగ్గించింది. "మీ నాన్న ఉన్నప్పుడు కళ్ళు మండితే ఒకాయన చేత ఆకుపసరు పోయించుకున్నాను. అది లోపల ఉండిపోయింది కాబోలు. డాక్టరుకేం తెలుసు? రెండోది కూడా కోయించుకుని ఈ కాస్త వెలుగూ పోగొట్టుకోమంటావా?"

వంటింటి గుమ్మంలో నళిని నిలబడిపోయింది. శేషగిరి వద్దన్నట్టు సైగ చేశాడు. ఆ క్షణంలో నా జిగురు ఊడి నీళ్ళన్నీ నేలమీద పడితే బాగుండుననుకున్నాను. నళిని అతని వైపు చూడలేదు. లోపలికి వెళ్ళి తెల్ల పింగాణీ గిన్నె తెచ్చి, నాలో ముంచి, నిండుగా అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"చూడండి. పచ్చ మీ కంట్లో లేదు, నీళ్ళలో ఉంది. మీరు బాధపడతారని అబద్ధమాడాం."

మాణిక్యాంబ గిన్నె అంచు చూసింది, తెలుపు. లోపల చూసింది, పచ్చ. వేలు ముంచి చూసుకుంది. ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుపనుకున్నాను, నవ్వు.

"ఒరే శేషూ, కన్నతల్లిని కళ్ళుండగా గుడ్డిదాన్ని చేశావు కదరా! ఎక్కడిదిరా ఈ తెలివి?"

"నీకోసమేనమ్మా…"

"నాకోసమైతే ఆ ఫోను చెయ్యి. వస్తున్నానని చెప్పు. రెండో కన్ను కూడా వస్తే నీ అబద్ధాలు ముఖం మీదే చదువుకుంటాను."

నన్ను ఎండ తగలని నడవాలోకి జరిపారు. వాస్తు గురించి శేషగిరి నోరెత్తలేదు. మేత వేసే పని నళిని ఒక్కతే తీసుకుంది, అదీ చిటికెడు. నీళ్ళు కొంచెం కొంచెంగా మార్చింది. వెలుగూ ఎంగిలీ దొరక్క, పచ్చదనం దానంతటదే సన్నగిల్లింది.

రెండో కంటి కట్టు విప్పి ఇంటికి వచ్చిన సాయంత్రం, మాణిక్యాంబ నా ఎదుట కూర్చుంది. జమీందారు రెక్కల చివర్లు చీలి ఉండడం మొదటిసారి చూసింది. "ముసలాడయ్యాడే!" అంది. తర్వాత ఆవిడ చూపు చేపను దాటింది, నీళ్ళను దాటింది. అవతలి వైపున నళిని వంగి గుడ్డతో నన్ను తుడుస్తోంది.

"అమ్మాయ్, నీ కళ్ళకింద ఈ నలుపేంటే? ఇంత చిక్కిపోయావేం? ఎప్పటినుంచి?"

గుడ్డ నా మీద ఆగిపోయింది. శేషగిరి పేపరు దించి భార్య వైపు చూశాడు. ఈ ప్రశ్నకు నళిని దగ్గర సిద్ధంగా ఏ అబద్ధమూ లేదు.