తాడు కట్టిన కర్ర

తడి దుప్పటి తాడు మీద వేయబోయి పాస్టరుగారి భార్య ఆగిపోయింది. తాడు కట్టిన కర్ర చిగురించింది.

చలికాలం మొదట్లో పాత కర్ర పుచ్చి విరిగి, పాస్టరుగారి తెల్లచొక్కాలన్నీ మట్టిపాలైన రోజున, వీధి చివర కొట్టేసిన కొమ్మల్లోంచి గట్టిదొకటి ఏరి తెచ్చి పాతింది తనే. మేకు కొట్టిందీ తనే. ఆ తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు మేకుకు కాస్త కింద, బెరడు చీల్చుకుని ఎర్రటి చిగురు.

ఆదివారం ప్రసంగానికి పనికొస్తుంది. ఆవిడకు ముందు తోచింది ఇదే. తోచగానే తన మీద తనకే ఒళ్ళు మండింది.

పెళ్ళయినప్పటి నుంచీ ఇదే తంతు. "ఏమైనా దొరికిందా?" అంటారాయన శనివారం అన్నం ముందు కూర్చుని, కూరగాయల సంచీ గురించి అడిగినట్టు. పొంగిన పాలు, బిడ్డ తొలి అడుగు, పక్కింటి గొడవ, ఏది కనిపించినా దాంట్లో దేవుణ్ణి వెతికి ఇచ్చేది. ఆయన అది పట్టుకుని వేదిక ఎక్కేవారు. చివరికి కన్నతల్లి పోయి మోకాళ్ళ మీద పడి ఏడుస్తున్నప్పుడు మనసులో మెదిలిన మాట కూడా ఇచ్చేసింది. "మా అత్తగారు పోయినప్పుడు ప్రభువు నాకో సంగతి చూపించాడు" అని ఆయన చెబుతుంటే జనం కళ్ళు తుడుచుకున్నారు. "అలాంటి మనిషితో కాపురం, అదృష్టవంతురాలివమ్మా" అందొకావిడ. నవ్వి టీ పోసింది. ఆనాటి నుంచి కళ్ళు మూసుకుంటే ప్రసంగం కనిపించేది గానీ ప్రభువు కనిపించేవాడు కాదు. ప్రార్థన ఎండిపోయింది. ఆ సంగతి చెప్పుకోవడానికి కూడా మనిషి లేడు, ఊరంతా వచ్చి చెప్పుకునేది తన మొగుడికే కదా! ఒకసారి నేనూ రెండు మాటలు మాట్లాడనా అని అడిగితే, "నువ్వా? వంటింట్లో చెప్పినంత తేలిక కాదే" అని ముద్దుగానే నవ్వారు. ఆ ముద్దే ఎక్కువ గుచ్చుకుంది.

కర్రకు నీళ్ళు ఎవరు పోశారు? ఎవరూ పోయలేదు. ఇంటిల్లిపాది బట్టల్లోంచి కారిన నీళ్ళే తాగి బతికింది. అది తట్టి ఆవిడ పకపకా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. చచ్చిందనుకున్న చోటనే ఉన్నావా స్వామీ! సమాధి ఖాళీ అయిన ఆ పొద్దున తోటలో, తిరిగి లేచిన ప్రభువును చూసి తోటమాలి అనుకున్నదీ ఒక ఆడదే. వెళ్ళి చెప్పమని ఆయన పంపిందీ ఆమెనే. మీ ఆయనకిచ్చి చెప్పించు అనలేదు.

"ప్రభువా" అంది. ఆ తర్వాత మాట రాలేదు, అవసరమూ పడలేదు. గుండె మీంచి తడిబట్టల మూట దించినట్టయింది. కర్రకున్న తాడు విప్పి కిటికీ ఊచకు కట్టింది.

"కర్రకేమైందే?" అన్నారు అత్తగారు, పాస్టరుగారి తల్లి, గుమ్మంలోంచి.

"ఏం కాలేదత్తయ్యా. బతికే ఉంది."

అత్తగారు దగ్గరికొచ్చి చిగురును చూసి, కోడలి మొహం చూసి, లోపలికి వెళ్ళిపోయారు.

ఆ శనివారం అన్నం ముందు కూర్చుని పాస్టరుగారు పెన్ను తీశారు. "ఏమైనా దొరికిందా?"

"దొరికిందండీ. కానీ అది మీకు కాదు. రేపు నేనే చెప్తాను."

"నువ్వా?" ఈసారి నవ్వు సగంలోనే ఆగిపోయింది. సాయం కోసం పక్కనే తింటున్న తల్లి వైపు చూశారు.

"ఇన్నేళ్ళూ చెప్పింది కోడలే కదరా," అన్నారు అత్తగారు తలెత్తకుండా. "నోరొక్కటే నీది."

ఆయన పెన్నుకు మూత పెట్టేశారు. మెల్లగా, "మరి నేనేం చెయ్యాలి?" అన్నారు.

"వినండి," అందావిడ, వడ్డించకుండా కూరగిన్నె ఆయన వైపు జరిపి.