నాలుగు వేళ్ల కన్ను

నరసాపురం దిగువన ఆ గోదారి రేవులో వల కన్నంటే నాలుగు వేళ్లు దూరాలి. అంతకన్నా సన్న కన్ను వల తెచ్చినవాడుంటే కులపెద్దలే ఒడ్డున తగలబెట్టేవారు. చిన్నవి పోవాలి, పెద్దవే పడాలి. పెద్దింట్లమ్మ మావగారు పోతూపోతూ కొడుకు గంగరాజు చేత గంగమ్మ మీద ఆ ఒట్టే వేయించుకున్నాడు. వెదురుబద్దతో కొలిచి కొలిచి, ఏభై ఏళ్లుగా గంగరాజు ఆ కన్నే అల్లాడు.

పెద్దింట్లమ్మ కాపురానికొచ్చిన కొత్తలో కొయ్యింగ చేపని తోక పట్టుకుని ఎత్తితే నడుం దాకా వచ్చేది. ఇప్పుడు జానెడు. ఆ జానెడుదాని పొట్ట కోస్తే లోపల గుడ్లు.

"ఇంత చిన్నదానికి కడుపేంటే తల్లీ" అనుకునేది ఆవిడ, కత్తిపీట ముందు కూర్చుని.

చెల్లెలి మనవరాలు సూర్యకళ చేపల చదువు చదువుతోంది. స్కేలు పట్టుకుని కొలవడానికొచ్చి, ఓ పూట గుమ్మంలో కూర్చుని చెప్పింది.

"చేపలన్నీ ఒక్కలా ఉండవు తాతా. కొన్ని నిదానంగా పెరిగి అప్పుడు గుడ్లు పెడతాయి. కొన్ని జానెడుండగానే పెట్టేస్తాయి. నీ వలకి ఏవి దొరికాయి?"

"పెద్దవి."

"గుడ్లు పెట్టకముందే దొరికాయి. పొట్టివి కన్నులోంచి జారిపోయి పిల్లల్ని పెట్టాయి. ఆ పిల్లలూ తల్లిలాగే పొట్టివి. నీళ్లల్లో కలిసే మందుల పాపమూ ఉందనుకో, కానీ ఇదీ ఉంది. రైతు గట్టి గింజ విత్తనానికి దాస్తాడు. మీరు గట్టి గింజంతా తినేసి తాలు విత్తనానికి వదిలారు."

"పిల్లల్ని వదులుతున్నాం, పుణ్యం అనుకున్నామే" అన్నాడు గంగరాజు. "పెద్దవాటిని వదిలితే మళ్లీ ఎదుగుతాయా?"

"ఎదుగుతాయేమో. మనం పోయాక, మన తర్వాతవాళ్లూ పోయాక."

ఆ రోజు ఆయన అన్నం ముందు కూర్చుని అలాగే లేచిపోయాడు.

కార్తీకం వెళ్లిన వారానికి పడింది. మూరన్నర కొయ్యింగ, తోకలో కింది సగం ఏదో కొరికేసినట్టుంది, పొట్ట నిండుగా ఉబ్బి ఉంది. నాలుగు రోజుల్నించి నావ ఖాళీ. తెడ్డేస్తున్న పెద్దింట్లమ్మ ప్రాణం లేచొచ్చింది.

"తలకాయ పులుసు పెడతానయ్యా" అంటూనే ఉంది, ఆయన కన్ను విడదీసి చేపని రెండు చేతులా నీళ్లలో దించేశాడు.

"ఏంటా పని?"

"విత్తనం" అన్నాడు. "సముద్రానికెళ్లి గుడ్లు పెట్టాలి."

అంతటితో ఆగలేదు. సాయంత్రం రేవులో నావ నావకీ వెళ్లి చెప్పాడు. తోక సగం ఉన్న చేప పడితే వదిలెయ్యండ్రా అని దణ్ణం పెట్టాడు.

త్రిమూర్తులు నవ్వాడు. "ఏం మావా, చేపకి పురుడు పోస్తున్నావా? నువ్వు వదిలితే గంగలో కలుస్తది, మేం వదిలితే మా కూడు కలుస్తది."

మర్నాడు పాలకొల్లు మార్కెట్లో పెద్దింట్లమ్మ ఎప్పట్లాగే చేపలు కోసిపెడుతోంది. హరిబాబుగారని, ఎరిగున్న బేరమే, సంచీలోంచి ఓ చేప తీసి ముందు పెట్టాడు. తోక సగమే ఉంది.

"గుడ్ల సంచి చిరగనివ్వకమ్మా, మా ఆవిడకి ప్రాణం."

ఆవిడ బూడిద రాసింది. పొలుసు గీసింది. పొట్ట కోస్తే ఆవిడ ముంజేయంత గుడ్లు, రెండు సంచులు, ఒక్కటీ చిరగలేదు. ఆకులో చుట్టి ఇచ్చింది. ఏడవలేదు, వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు.

ఇంటికొచ్చేసరికి గంగరాజు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. ఇన్నేళ్లలో ఆయన మొహం అంత తేటగా ఉండడం ఆవిడ చూడలేదు.

"ఈపాటికి సముద్రం చేరుంటదంటావా?"

"చేరే ఉంటదయ్యా" అంది, మంచినీళ్ల చెంబు అందిస్తూ.

చెంబు అందుకోబోయి ఆయన ఆగాడు. ఆవిడ మోచేతి కింద పొలుసొకటి అంటుకుని ఎండిపోయి ఉంది. రూపాయి బిళ్లంత. ఆ రేవులో జానెడు చేపకి అంత పొలుసుండదు. గోటితో మెల్లగా ఊడదీశాడు, వెలుతురుకి పెట్టి చూశాడు.

కాసేపటికి లేచి, తండ్రి ఇచ్చిన వెదురుబద్దని పొయ్యిలో పెట్టాడు.

"కత్తి ఇలా ఇవ్వు" అన్నాడు. "రెండు వేళ్ల బద్ద చెక్కాలి. ఆ కన్నులో పెద్దదాని తల పట్టదు, పొట్టివే పడతాయి."