గుట్టెక్కిన వరదపాశం

ఆ ఏడు ఆరుద్ర కార్తె దాటినా చినుకు లేదు. బావి అడుగంటింది. రైతు లింబయ్య తోటలో చెరకు ఆకు చుట్టుకుపోయి నిలబడింది. ఇంకొన్నాళ్లిట్లాగే ఉంటే బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోవలసిన చెరకు గడ పొయ్యిలోకి పోతుంది. ఆ దిగులుతో అతనికి తిండి సహించడం లేదు.

ఊరు వరదపాశం తలపెట్టింది. బెల్లం పాయసం వండి గుట్ట కింది బండ మీద పోయాలి. చేతులు వెనక్కి కట్టుకుని, బోర్లా పడుకుని, నాలుకతో నాకాలి. ఆ అవస్థ చూసి వానదేవుడు కరుగుతాడని పెద్దల మాట.

లింబయ్య తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

"కింద బండ మీద రెండుసార్లు నాకినం. నాలుకలు కాలినయ్ గని వాన రాలే. గీసారి గుట్ట కొసకెక్కుదాం. దేవునికి మంచిగ కనబడాలె," అన్నాడు.

"బావా, ఆ గుట్ట మీద రాళ్లు నిలువయ్. మేకలు సుత ఎక్కయ్," అన్నాడు బామ్మర్ది దేవన్న.

"మేకకు చెరుకు తోట ఉన్నదా?"

ఊరంతా కిందే ఆగింది. లింబయ్య తువ్వాల చుట్ట చేసి, పాశం వండిన గంజు నెత్తిన పెట్టుకుని బయలుదేరాడు. వెనక పెళ్లాం అంజవ్వ, ఆమె వెనక దేవన్న.

సగం దాకా బాగానే సాగింది. ఆ పైన అడుగు వేస్తే రాయి కదిలింది, రాయి కదిలితే లింబయ్య జారాడు, లింబయ్య జారితే దేవన్న బావను తిట్టుకున్నాడు. చివరికి గంజును ముందుకు జరుపుకుంటూ ముగ్గురూ ఉడుముల్లా పాకారు. కొస చేతికందేంత దూరంలో లింబయ్య పట్టుకున్న రాయి ఊడి చేతిలోకి వచ్చింది. గంజు బోర్లా పడింది. పాశం సన్నరాళ్ల మధ్య నుంచి కిందికి పారింది.

లింబయ్యకు ఏడుపొచ్చింది. చెరకు పోయినట్టే అనుకున్నాడు.

"ఏడుస్తే ఏమొస్తది? రాయి మీద పడ్డ పాశం ఇడిసిపెడితే దోషం. బోర్ల పండుకొని నాకెయ్," అంది అంజవ్వ.

"గీ జారుడు మీదనా?"

"కొసకు ఎక్కుదామన్నది ఎవరు?"

లింబయ్య చేతులు వెనక్కి పెట్టుకుని బోర్లా పడుకున్నాడు. ఒక రాయి నాకేలోగా అది దొర్లిపోయేది, దాని వెనక అతనూ జారేవాడు. నోట్లోకి బెల్లం కంటే మట్టే ఎక్కువ పోయింది. కింద జనం కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. పక్కనే నాకుతున్న దేవన్న కూడా అది మాని వాళ్లతో కలిసి నవ్వాడు. ముఖం రాళ్లలోనే ఉన్న లింబయ్య ఆకాశం నల్లబడటం చూడలేదు.

వీపు మీద చల్లగా పడ్డాక తలెత్తాడు. చూస్తుండగానే వాన దంచికొట్టింది. కాళ్ల కింది రాళ్లు పాశం కంటే మెత్తగా జారసాగాయి. దిగే దారి కనిపించలేదు.

లింబయ్య భయంతో కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించాడు. "స్వామీ, జరసేపు ఆగు. నేను దిగినంక..."

అంజవ్వ గబుక్కున అతని నోరు మూసింది.

"సప్పుడు చెయ్యకు. ఇంత పైకొచ్చినం, ఇనబడ్తది."

లింబయ్య వాన వెలిసేదాకా, ఒక కదిలే రాయిని కావలించుకుని, మూసిన నోటితోనే సంతోషంగా తడిశాడు.