తొమ్మిది రోజుల నీళ్ళు

బైధర్ సేఠీ మడతపెట్టిన గోనెపట్టా మీద ఎడమ మోకాలు ఆనించి, వాషింగ్ మెషీన్ అడుగున ఉన్న చిన్న మూతను గోటితో లేపాడు. లోపలి బిరడాను కొద్దిగా తిప్పి పళ్ళెం పెట్టాడు. నీళ్ళు సన్నగా జారాయి. పళ్ళెం నిండగానే బకెట్లో పోసి మళ్ళీ పెట్టాడు. తొందరపడి బిరడా మొత్తం తిప్పితే గదంతా చెరువవుతుందని అతనికి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. నీళ్ళు ఆగాక జల్లెడ బయటికి లాగాడు. దానికి చుట్టుకున్న వెంట్రుకల ఉండలోంచి ఒక జడపిన్నూ, పసిపిల్ల మేజోడూ బయటపడ్డాయి. ఆ ఇంటి కోడలు మేజోడు చూసి నవ్వి, దీనికోసం ఇల్లంతా గాలించామంది.

పని అయిపోయినట్టే. కానీ బైధర్ కదల్లేదు. ఖాళీ మెషీన్ని ఒక విడత పూర్తిగా తిప్పాడు. నీళ్ళు బయటికి పోయేటప్పుడు రేకుకు చెవి ఆనించి విన్నాడు. వెనక పైపు వంపులన్నీ వేళ్ళతో తడిమాడు. ఆ అమ్మాయి టీ ఇచ్చి, ఇంకా ఏం చూస్తున్నారని అడిగింది. ఏం లేదమ్మా అన్నాడు.

ఈ శ్రద్ధ తొమ్మిది రోజుల కిందట ఉండాల్సింది.

యాభై నాలుగేళ్ళవాడు. కటక్‌లో పుట్టి కటక్‌లోనే నెరిసినవాడు. అతని తండ్రి కాఠజోడి నది రేవులో బండమీద బట్టలుతికి, సాయంత్రం మూటలు ఇళ్ళకు చేర్చేవాడు. ఇరవయ్యో ఏట బైధర్ మరమ్మతుల దుకాణంలో చేరినప్పుడు తండ్రి కాదనలేదు. ఏ యంత్రాలు బాగుచేస్తావురా అని మాత్రం అడిగాడు. బట్టలుతికే యంత్రాలని చెప్పడానికి నోరు రాక, ఫ్యాన్లు నాన్నా అన్నాడు. పోయేదాకా ఆ ముసలాయన తన కొడుకు ఫ్యాన్లు బాగుచేస్తాడనే నమ్మాడు. ఇలాంటి చిన్న అబద్ధాలు బైధర్‌కు సులువుగా వచ్చేవి. అవి ఎవరినీ కొట్టినట్టు ఉండవు గనక, వాటిని తప్పులుగా అతను లెక్కవేసేవాడు కాదు.

తొమ్మిది రోజుల కిందట అలాంటిదే మరొకటి చెప్పాడు. ఊళ్ళోనే బిడానాసి పేటలో శైలబాలా మహాంతి ఇంట్లో మెషీన్ నీళ్ళు వదలడం లేదు. ఆవేళ అతనికి అది ఆరో ఇల్లు. బయట శ్రావణపు వాన. మోకాలు ఉబ్బి ప్యాంటు బిగుసుకుపోయింది. వెనక పైపు చూడడానికి మెషీన్ని ముందుకు లాగాడు, జల్లెడ శుభ్రం చేశాడు, మళ్ళీ వెనక్కి నెట్టడానికి చేతుల్లో బలం చాలక నడుముతో తోశాడు. అప్పుడు గోడ దగ్గర ఏదో మెత్తగా నలిగినట్టు అతని వీపుకు తెలిసింది. వంగి చూడాలి. చూడాలంటే మళ్ళీ లాగాలి. గోడ పట్టుకుని లేచి, పిన్నమ్మను పిలిచినట్టు, బాగైపోయింది మావుసీ అన్నాడు.

మర్నాడే ఆమె ఫోన్ చేసింది, నీళ్ళు మళ్ళీ నిలిచిపోతున్నాయని. రేపొస్తానన్నాడు. రెండో ఫోన్‌కు సామాను రాలేదన్నాడు. మూడోసారి ఆమే, తీరిక దొరికినప్పుడే రా బాబూ అని పెట్టేసింది. ఆ తర్వాత ఆరు రోజులు ఫోన్ రాలేదు. తిట్టి ఉంటే ఎప్పుడో వెళ్ళేవాడు. ఈ ఆరు రోజులూ జేబులో ఫోన్ మోగినప్పుడల్లా భయంగా పేరు చూసుకున్నాడు. ఆమె కాదని తెలిసి ఊపిరి పీల్చుకున్నందుకు మరింత సిగ్గుపడ్డాడు.

మేజోడు దొరికిన ఇంటి మెట్లు దిగి, మిగతా రెండిళ్ళకూ రేపని చెప్పి, స్కూటర్ బిడానాసి వైపు తిప్పాడు.

తలుపు తీసిన శైలబాల చేతులే అతనికి ముందు కనిపించాయి. డెబ్భై ఏళ్ళ చేతులు, నీళ్ళలో నాని తెల్లబడి, వేళ్ళ సందుల్లో చర్మం పగిలి ఉన్నాయి.

"మా ఇంటి దారి మరిచిపోయావేమో అనుకున్నాను" అంది నవ్వుతూనే.

స్నానాలగది ముందు నేలంతా పాత బట్టలు పరిచి ఉన్నాయి. మెషీన్ కింది మూత తెరిచి ఉంది. దాని ముందు అన్నం తినే కంచం. బైధర్ అర్థం చేసుకున్నాడు. ఆ రోజు తాను చేసిందంతా ఆమె నిలబడి చూసింది. నీళ్ళు దిగితే తప్ప మెషీన్ తలుపు తెరుచుకోదు కాబట్టి, తనలాగే నేలమీద కూర్చుని, బిరడా కాస్త తిప్పి, కంచంతో నీళ్ళు తీసింది. సబ్బునీళ్ళు ఒకసారి, జాడించిన నీళ్ళు రెండుసార్లు. ఆపైన బరువెక్కిన దుప్పట్లు చేత్తో పిండింది. లోపలి గదిలో ఆమె భర్త గోలక్ బాబు రెండేళ్ళుగా మంచం మీద ఉన్నాడు. రోజుకు రెండుసార్లు పక్కబట్టలు మార్చాలి. తొమ్మిది రోజులు. బైధర్ మనసులో కంచాలు లెక్కపెట్టబోయి, మానేశాడు.

లోపలినుంచి "శైలా" అని పలచటి గొంతు వినిపించింది. ఆమె వెళ్ళి వచ్చింది. గోలక్ బాబు రైల్వేలో టికెట్లిచ్చే కిటికీ దగ్గర ముప్ఫై ఆరేళ్ళు కూర్చున్న మనిషి. నాలుగింటికి పక్కన కూర్చుని పేపరు చదవాలట, ఏ రైలు ఎంత ఆలస్యమో కూడా వదలకూడదట. ఈ మధ్య కుదరడం లేదని, ఆయన పిలుస్తుంటే తాను ఇక్కడినుంచే వస్తున్నా వస్తున్నా అంటోందని ఆమె చెప్పింది. ఫిర్యాదులా చెప్పలేదు. అతనికి తలెత్తడం కష్టమైంది.

మెషీన్ని ముందుకు లాగాడు. మోకాలు అరిచింది. వెనక, నీళ్ళు పోయే బూడిదరంగు పైపు గోడకూ మెషీన్ మూలకూ మధ్య చదునుగా నలిగి ఉంది. వేలితో ఒత్తి, గుండ్రంగా చేసి, పైకెత్తి కట్టాడు. మూడు నిమిషాలు పట్టింది.

"ఏమైందట దీనికి?" ఆమె అడిగింది.

చెప్పాలనే నోరు తెరిచాడు. "పాతదైపోయింది మావుసీ పైపు. మెత్తబడింది."

"మాలాగే" అంది ఆమె.

దుప్పటి వేసి తిప్పాడు. కాసేపటికి నీళ్ళు తూములోకి భళ్ళున దూకాయి. శైలబాల పీట లాక్కుని కూర్చుని, పోతున్న నీళ్ళను కళ్ళార్పకుండా చూసింది. లోపల గోలక్ బాబు మళ్ళీ పిలిచాడు. వస్తున్నా, ఈ నీళ్ళొక్కటీ చూసి వస్తున్నా అని ఆమె బదులిచ్చింది. మెషీన్ వేగం అందుకుని, తిరిగి తిరిగి, ఆగింది. దుప్పటి చేతిలోకి తీసుకుని ఆమె చెంపకు ఆనించుకుంది. చుక్క కారలేదు. ఉతకాల్సింది ఇంకొకటి పక్కనే ఉంది, అది వేసి మీట నొక్కమని బైధర్‌కు చెప్పి, దుప్పటి తీగమీద ఆరేసి, పేపరు పట్టుకుని లోపలికి వెళ్ళింది.

నాలుగు దాటింది. బైధర్ అది వేసి మీట నొక్కి, సామాన్లు తుడుచుకుంటూ ఆమె చదవడం విన్నాడు. వానలకు ఒక ప్యాసింజరు గంటన్నర ఆలస్యం. ఇంకొకటి రద్దయింది. మూడోదాని పేరు చదివి, ఆమె ఆగింది. ఇక చదవలేదు.

"బైధర్, ఒకసారి ఇలా రా బాబూ" అని పిలిచింది, చాలా నెమ్మదిగా.

గోలక్ బాబు కళ్ళు తలుపు వైపే ఉన్నాయి. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, బైధర్ ఆ కళ్ళు మూశాడు. ఆమె తులసినీళ్ళు తెచ్చి భర్త పెదవులు తడిపింది.

అతను పక్కింటివాళ్ళను పిలిచాడు. రూర్కెలాలో ఉన్న కూతురికి వాళ్ళు ఫోన్ చేశారు; రాత్రికి గానీ చేరలేనని, తనకోసం ఆపొద్దని ఆమె అంది. వాకిలినిండా చెప్పులు చేరాయి. ఇక వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. ఆమె గోడకు ఆనుకుని ఒంటరిగా కూర్చుని ఉంది. ఎదురుగా చతికిలబడ్డాడు.

"మావుసీ, పైపు పాతదై కాదు. ఆ రోజు నేనే నొక్కేశాను. తెలిసీ చూడకుండా పోయాను. ఈ తొమ్మిది రోజులూ నువ్వు ఆయన పక్కన కూర్చోవలసినవి."

ఆమె అతని ముఖం వైపు కాక, మోకాలి వైపు చూసింది.

"నాకు తెలుసు. నువ్వు వెళ్ళాక కదా ఆగిపోయింది. గోడ పట్టుకుని లేచావు ఆవేళ. ఇంకోసారి జరపమని గట్టిగా ఎలా అడగను?"

ఆమే మళ్ళీ అంది, "ఆయన పిలిచినప్పుడు లేవనిది నేను. అది నీది కాదు." చెయ్యి చాపి అతని భుజం మీద పెట్టి, వెంటనే తీసేసింది. ఎవరో వచ్చి ఆమెను లోపలికి తీసుకెళ్ళారు.

ఆమె క్షమించిందో లేదో అతనికి ఎన్నటికీ తెలియలేదు. అది నీది కాదన్న మాట మాత్రం తప్పంతా నీదే అన్నదానికన్నా బరువుగా అతని మీద కూర్చుంది.

వెదురు తెచ్చారు, పాడె కట్టారు. బైధర్ కూడా ఒక మూల భుజానికెత్తుకుని, కుంటుతూ, వాన ఆగిన వీధి చివరిదాకా మోశాడు. అక్కడ వేరెవరో అందుకున్నారు.

స్నానాలగదిలో మెషీన్ ఎప్పుడో రెండో విడత ముగించి, మూడుసార్లు మోగి, ఊరుకుంది. లోపల డ్రమ్ము గోడను కరుచుకుని గోలక్ బాబు చారల పైజామా, నీళ్ళన్నీ పోయి, ఆరేస్తే గంటలో తొడుక్కోగలిగేటంత పొడిగా ఉంది.