ఎస్తేరమ్మ కుడిచేతి పట్టీ

నేను ఒక మణికట్టు పట్టీని. నల్లటి గుడ్డ, బిగించుకోవడానికి మూడు పట్టాలు, అరచేతి వైపు చిన్న సంచిలో ఒక అల్యూమినియం రేకు. ఆ రేకే నా వెన్నెముక. చెయ్యిని వంగనివ్వకపోవడం తప్ప నాకు వేరే విద్య రాదు. నన్ను కుట్టిన అమ్మాయి మధ్యమధ్యలో మిషను ఆపి చెయ్యి విదుల్చుకునేది. ఎందుకో అప్పుడు నాకు తెలియదు.

నరసాపురం దగ్గర పల్లెలో లేసు అల్లే ఎస్తేరమ్మ చేతికి వచ్చాను. ఒకప్పుడు ఆమె కళ్లు మూసుకుని, దారాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి అది ఎంత సన్నమో, ఎన్నో నంబరో చెప్పేదట. ఇప్పుడు ఆ వేళ్లు మొద్దుబారాయి, ఈమె కూడా మాటిమాటికీ చెయ్యి విదుల్చుకుంటోంది. మణికట్టులో ఇరుకు సందున నరం నలుగుతోందని డాక్టరమ్మ చెప్పింది.

"కోత లేకుండా ప్రయత్నిద్దాం. రాత్రుళ్లు ఇది కట్టుకుని పడుకోండి. పగలు లేసు తగ్గించండి."

నాకు పోటీ బాగానే ఉంది. నొప్పి మాత్రలు కడుపులో మంట పెట్టాయిగాని తిమ్మిరి జోలికి పోలేదు. తోడికోడలు రూతు ఆముదం కాచి మర్దనా చేసింది. ఆ కాసేపూ హాయి, అంతే. డాక్టరమ్మ నేర్పిన వేళ్ల వ్యాయామాలు నాలుగు రోజులు శ్రద్ధగా సాగి ఆగిపోయాయి. నాదేమో నిదానం పని. నెల గడిచినా తేడా కొంచెమే. మనుషులకు అంత ఓపిక ఎక్కడిది? ఎస్తేరమ్మ మణికట్టులో ఇంజెక్షన్ వేయించుకుంది. కొద్ది రోజుల్లోనే తిమ్మిరి తగ్గిపోయింది. అబద్ధమెందుకు, నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇది త్వరగా పనిచేస్తుంది, ఎక్కువ కాలం నిలవకపోవచ్చు. ఈలోగా చేతికి విశ్రాంతి ఇవ్వాలి" అని డాక్టరమ్మ చెబుతూనే ఉంది. చెయ్యి బాగుపడిందని ఎస్తేరమ్మ రెట్టింపు లేసు ఒప్పుకుంది.

నాలుగు నెలలకు తిమ్మిరి తిరిగొచ్చింది. ఈసారి నన్ను పగలు కూడా కట్టుకుంది. పొంగిపోయాను. ఆ మురిపెం ఒక్క పూటే. నేనుంటే లేసు సూది తిరగదు. కత్తెరతో నా కుట్టు విప్పి, రేకు లాగేసి, దానికి దారం చుట్టుకుంది.

"ఏసుకోమన్నారు, ఏసుకున్నాను గదా!" అంది రూతుతో.

ఉత్త గుడ్డనై ఆ చేతికి అంటిపెట్టుకుని ఉండిపోయాను. నా లోపలే అది గంటలకొద్దీ వంగేది. ఆపలేను, వదిలి పోలేను. ఎంత సిగ్గుపడ్డానో!

మొన్న ఆసుపత్రికి వెళ్లేసరికి బొటనవేలి మొదట్లో కండ కరిగి గుంట పడింది. డాక్టరమ్మ నా సంచిలో వేలు పెట్టి చూసింది.

"ఇందులో రేకేదమ్మా?"

"రేకుంటే చెయ్యి వంగదండి. వంగకపోతే లేసెలా అల్లేదండీ?"

డాక్టరమ్మ కోప్పడలేదు. ఇక ఆపరేషన్ తప్పదని, తర్వాత కొన్ని వారాలు సూది ముట్టకూడదని చెప్పింది. ఎస్తేరమ్మ తన ఎడం చెయ్యి తిప్పి చూసుకుంది.

"పోనీ, ఎడం చేత్తో నేర్చుకుంటానండి."

"ఏదీ, ఆ చెయ్యి ఇలా ఇవ్వండి."

మణికట్టు మీద వేలితో తట్టింది. వేళ్లలోకి కరెంటు కొట్టినట్టు ఎస్తేరమ్మ ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. డాక్టరమ్మ లేచి, అలమరలోంచి కొత్త పట్టీ తీసి ఆ చేతికి బిగించింది. ఎస్తేరమ్మ ఒళ్లో ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం. అది కొత్త హుషారులో ఉంది. దాని సంచిలో రేకు ఇంకా అలాగే ఉంది.