మసి చేతుల గోడ

దమ్మపేట అడవి అంచున నిజాం కాలం నాటి సారా బట్టీ ఒకటుంది. అది మూతబడి ఏళ్లూ పూళ్లూ అయింది. పనివాళ్లంతా చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యాక జంపక్క ఒక్కతే మిగిలింది. మొగుడు పోయినా ఆ కప్పు కిందే వండుకుంటూ, ఇప్పపువ్వు ఎండబెట్టుకుంటూ బతుకుతోంది. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తారట, బట్టీని కూలగొడతారట.

ఖమ్మంలో చరిత్ర పాఠాలు చెప్పే శ్రీధర్ లోపలంతా ఫోటోలు తీసుకుని, పాత కట్టడంగా గుర్తించమని సర్కారుకు అర్జీ పెట్టాడు. గుర్తింపు వస్తే దాని జోలికి ఎవరూ రారు. తనిఖీకి ముందురోజు ఫోన్ చేశాడు.

"అక్కా, రేపు హైదరాబాద్ నుంచి పెద్ద సారు వస్తుండు. ఇల్లు జర నీటుగ పెట్టు."

"గట్లనే సారూ."

అంత చదువుకున్న మహానుభావుడికి ఇంకో రెండు ముక్కలు చెప్పే తీరిక లేకపోయింది.

నీటుగా అంటే జంపక్కకు తెలిసింది అలికి సున్నం కొట్టడమే. లోపలి గోడ నిండా మసి చేతులు. ఇప్పపూల కాలంలో పొయ్యి వెలిగించిన మొదటి రోజు పనివాళ్లంతా మసిలో చెయ్యి ముంచి గోడకు అద్దేవారు. మసి మీద సున్నం పట్టదు. కొడవలితో గీకింది. మామ చెయ్యి పోయింది, మరిది చెయ్యి పోయింది. చిటికెన వేలు సగమే ఉన్న మొగుడి చెయ్యి దగ్గర ఆగి, దాని మీద తన అరచెయ్యి ఆనించి ఏడ్చింది.

"ఇల్లు నిలబడాలె గదయ్యా," అని దాన్నీ గీకేసింది.

పెద్ద సారు వచ్చి తెల్లటి గోడ చూశాడు. "చేతి గుర్తులేవి? నేనొచ్చిందే వాటి కోసం."

శ్రీధర్ జంపక్క వైపు వేలు చూపించాడు. "ఈమె గీకేసింది సార్. వీళ్లకు విలువ తెల్వదు," అన్నాడు. నీటుగా పెట్టమన్నదెవరో చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు.

"అవి లేకుంటే ఇది మామూలు కొట్టమే," అన్నాడు పెద్ద సారు.

జంపక్క గబగబా పొయ్యిలోని మసి చేతికి పూసుకుని గోడకు అద్దింది. "ఇగో సారూ, మళ్ల పెడత. అందరివీ పెడత."

ఇద్దరూ నవ్వుకుంటూ కారెక్కారు.

వారం తిరక్కుండా జేసీబీ వచ్చింది. జంపక్క సామాను చెట్టు కింద పెట్టుకుని శ్రీధర్‌కు ఫోన్ చేసింది.

"సారూ, మా ఆయన చెయ్యి నీ ఫోటోల ఉంది గదా. ఒక్కపారి సూపెడ్తవా?"

"ఆ పని అయిపోయింది గదక్కా. ఫోన్ నిండిందని తీసేసిన."

తెల్లగోడ మీద ఆమె చెయ్యి ఒక్కటే ఉంది. జేసీబీ మొదట ఆ గోడనే తోసింది.